గోనెసంచి నిండా జాకెట్టు ముక్కలు, ఇంట్లో బొంతలు కుట్టే అత్తమ్మ: సంక్రాంతికి ఏం చేద్దాం?

కొర్లగుంట_కోడలు
నవంబరు 14, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా వీధి చివరి టైలరు కొట్టు మూసేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ, మా అత్తమ్మ బొంతలు కుడుతుందని తెలిసి ఒక గోనెసంచి నిండా జాకెట్టు ముక్కలు ఇచ్చి పోయాడు. అన్నీ కొత్త గుడ్డే. టూ బై టూ అనే జాకెట్టు గుడ్డ ఎక్కువ, కొంచెం పాప్లిను, లైనింగు, అడుగున ఎక్కడో నాలుగు పట్టు అంచులు. అరచేయంత ముక్క నుంచి జానెడు ముక్క వరకు ఉన్నాయి. అత్తమ్మ సంచి మూతి విప్పగానే "ఇంకో బొంతకు సరిపోతుంది" అనేసింది. ఇంట్లో ఇప్పటికే ఏడు బొంతలు, మనుషులం నలుగురం. తిరుపతి ఎండలకు ఎన్ని బొంతలు కప్పుకుంటాం చెప్పండి.

నా ఆలోచన వేరే. ఏటా సంక్రాంతికి ప్లాస్టిక్ తోరణం కొంటాం, రథసప్తమి నాటికే ఎండకు వెలిసిపోయి పట్టుకుంటే పొడి రాలుతుంది, మళ్ళీ ఉగాదికి ఇంకోటి. ఈసారి పైసా ఖర్చు లేకుండా ఈ సంచితోనే గుమ్మం, హాలు, వసారా అలంకరించాలని ఉంది. ఉషా తొక్కుడు మిషను ఉంది, నాకు జాకెట్టు కుట్టేంత రాదు గానీ తిన్నగా కుట్టడం వచ్చు. అత్తమ్మకు చేతి కుట్టు దేవుడిచ్చిన వరం, మోకాలి ఆపరేషను తర్వాత కూర్చుని చేసే పనే కావాలంటోంది. ఏమేం కుట్టొచ్చో, ఏది చేయకూడదో చెప్పండి.

ముగ్గుచుక్క
నవంబరు 14, రాత్రి 11:10

అక్కా మొదట గుమ్మం తోరణం!! మామిడాకుల తోరణం గుడ్డతో. పచ్చ ముక్కలు ఎన్ని ఉన్నాయో ఏరి పెట్టుకోండి.

చిత్తూరు_టైలరన్న
నవంబరు 15, ఉదయం 6:20

పొద్దున్నే చూశాను. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి సంచులు నింపినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తానమ్మా, మీరేం కుట్టినా పనికొస్తుంది. జాకెట్టు కత్తిరించాక మిగిలేది చంక వంపు దగ్గరి ముక్క, మెడ లోపలి ముక్క, చేతుల పక్క ముక్క. వీటిలో సగం క్రాస్ మీద, అంటే పోగుకు ఏటవాలుగా ఉంటాయి. రెండు చేతులతో పట్టి లాగి చూడండి. సాగితే క్రాస్, సాగకపోతే నిలువు పోగో అడ్డ పోగో. చదరంగా కత్తిరించేటప్పుడు ముక్క ఆకారం చూసి కాదు, పోగు చూసి కత్తిరించాలి. లేకపోతే మిషను కింద ఒక ముక్క సాగి, పక్క ముక్క సాగక, కుట్టినదంతా అప్పడంలా వంకర తిరుగుతుంది. క్రాస్ ముక్కల్ని పారేయకండి, వాటితో అంచు పట్టీలు, పైపింగు చేసుకోండి. గుండ్రటి వంపుల మీద క్రాస్ పట్టీ కూర్చున్నట్టు ఇంకేదీ కూర్చోదు.

ఇంకొకటి. లైనింగు గుడ్డను, టూ బై టూను పక్కపక్కన అతకొద్దు. లైనింగు పలచన, రెండు ఉతుకులకు అతుకు దగ్గర పీలికలు లేస్తుంది. లైనింగంతా వెనక వైపుకి వాడుకోండి.

కొర్లగుంట_కోడలు
నవంబరు 15, ఉదయం 11:35

అన్నా చాలా థాంక్స్. లాగి చూశాను, నిజంగానే సగానికి సగం సాగుతున్నాయి. ఇప్పుడు హాలంతా మూడు కుప్పలు: సాగేవి, సాగనివి, లైనింగు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ఏమంటాడో.

పెద్దమ్మ_పాకాల
నవంబరు 15, మధ్యాహ్నం 2:05

అమ్మాయీ, బాగుంది గానీ ఒక మాట. గుమ్మానికి కట్టేది మామిడాకే కట్టాలి. పండగ పూట పచ్చాకు లేకుండా గుడ్డ వేలాడదీస్తే అది తోరణం కాదు, కర్టెను. రెండోది, కట్టి విడిచిన చీర గుడ్డ గుమ్మానికి గానీ పూజగదికి గానీ పనికిరాదు. మీది టైలరు దగ్గరి కొత్త ముక్క అంటున్నావు కాబట్టి దోషం లేదు. మీ అత్తగారి పాత చీరలు మాత్రం అందులో కలపొద్దు.

పలమనేరు_పిల్ల
నవంబరు 15, మధ్యాహ్నం 3:40

పెద్దమ్మా, ఉతికి ఆరేసిన గుడ్డకు ఏం దోషం? పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేదే అమ్మమ్మ పాత చీరతో కుట్టిన బొంత మీద. బిడ్డ దేవుడితో సమానం అంటారు కదా.

పెద్దమ్మ_పాకాల
నవంబరు 15, మధ్యాహ్నం 3:58

బిడ్డ తడుపుతుంది, అందుకని పాతది వేస్తాం. దేవుడు తడపడు.

మెట్లెక్కని_తిరుపతోడు
నవంబరు 15, సాయంత్రం 4:15

🤣🤣 పెద్దమ్మ గెలిచింది, చర్చ ముగిసింది, అందరూ టీ తాగండి

పలమనేరు_పిల్ల
నవంబరు 15, సాయంత్రం 4:30

నవ్వొచ్చింది, ఒప్పుకుంటా. అయినా నా పాయింటు వదలను. మా పక్క పలమనేరు, కుప్పంలో కన్నడం వాళ్ళ రాకపోకలు ఎక్కువ, వాళ్ళు బొంతను కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలు అని ఉన్నారు, ఎప్పుడో ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల సంతతి. వాళ్ళ బొంతలు పాత బట్టల ముక్కలతోనే కుడతారు, అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తారు. చివర నాలుగు మూలల్లో మడత పెట్టిన చిన్న ముక్కలు పువ్వులా కుడతారు, దానికి "ఫూల్" అని పేరు. ఆ పువ్వు లేని బొంత వాళ్ళ లెక్కలో బట్ట కట్టని మనిషి లాంటిది. పాత గుడ్డకు అంత గౌరవం ఇస్తారు. కొర్లగుంట అక్కా, ఆ పువ్వు మడతనే వరసగా కుడితే తోరణం అయిపోతుంది, చాలా సులువు. చదరం ముక్కను కోణంగా మడిచి, మళ్ళీ ఒకసారి మడవండి, అంతే త్రికోణం.

ముగ్గుచుక్క
నవంబరు 15, సాయంత్రం 5:02

అవును! 4 అంగుళాల చదరం తీసుకుంటే 4 అంగుళాలు కిందికి వేలాడుతుంది అక్కా.

కొర్లగుంట_కోడలు
నవంబరు 16, రాత్రి 9:15

ముగ్గుచుక్కా, నీ లెక్క నమ్మి ఇవాళంతా కూర్చుని 4 అంగుళాల చదరాలు 20 కత్తిరించాను. మడిచి చూస్తే రెండంగుళాలే వేలాడుతోంది, మళ్ళీ కుట్టులో పావు పోతుంది. గుమ్మానికి పెట్టి చూస్తే అచ్చం దువ్వెన పళ్ళు. అత్తమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిత్తూరు_టైలరన్న
నవంబరు 16, రాత్రి 9:48

చదరం 4 అయితే, రెండుసార్లు మడిచాక విప్పిన అంచులున్న వైపు 4 వస్తుంది, కిందికి దిగేది అందులో సగం, అంటే 2. ఎంత చదరమైనా ఇదే లెక్క. మీ గుమ్మం పైపట్టీ ఎంత?

కొర్లగుంట_కోడలు
నవంబరు 16, రాత్రి 9:55

బయటి కొలత 42 అంగుళాలు అన్నా.

చిత్తూరు_టైలరన్న
నవంబరు 16, రాత్రి 10:20

అయితే 6 అంగుళాల చదరాలు తీసుకోండి, దిగుడు 3 వస్తుంది. ఒక్కో త్రికోణాన్ని పక్కదాని మడతలోకి అంగుళంన్నర దూర్చితే ఒక్కోటి నాలుగున్నర అంగుళాలు ఆక్రమిస్తుంది. మొదటిది 6, తర్వాత 8 ముక్కలు నాలుగున్నర చొప్పున 36, మొత్తం 42. సరిగ్గా 9 త్రికోణాలు. మీ అదృష్టం, ముక్క కూడా మిగలదు. ముందు గుండుసూదులతో మొత్తం వరస పెట్టుకుని, చేత్తో కచ్చా కుట్టు వేసి, ఆ తర్వాతే మిషను కిందికి పెట్టండి. మడతలు కలిసిన చోట గుడ్డ ఎనిమిది పొరలు అవుతుంది, 14 నెంబరు సూది టక్కున విరుగుతుంది, 16 వేసుకోండి. అక్కడ తొక్కుడు మానేసి చక్రం చేత్తో తిప్పండి.

ఆ 4 అంగుళాల 20 ముక్కలు పారేయకండి, వేరే పని ఉంది వాటికి.

కాళహస్తి_కలం
నవంబరు 17, ఉదయం 7:30

కొత్త ముక్కలని ఉతక్కుండా కుట్టేస్తున్నారా? ఆగండి. కాటను మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది, గజానికి అంగుళం పైనే పోవచ్చు. ఒక ముక్క కుదించి ఇంకోటి కుదించకపోతే టైలరన్న చెప్పిన అప్పడమే. చిన్న ముక్కలు బకెట్లో వేస్తే పోగులు లేచి చిక్కుపడి జడలు కడతాయి, అందుకని దిండు గలీబులో వేసి మూతి కట్టి నానబెట్టండి.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. పోయినేడు నేను ఒక కొట్లో ముదురు ఎరుపు గుడ్డ కొని, తెల్లదానితో కలిపి కలశం కింద పరిచే పీట గుడ్డ కుట్టాను. మూడు రోజుల చేతి పని. పండగ రోజు కలశం నుంచి నాలుగు చుక్కలు జారాయి, అంతే, తెలుపంతా గులాబీ. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందని అందరూ చెప్తారు, నేనూ చేశాను, మిల్లులో సరిగ్గా పట్టని రంగును ఇంట్లో ఉప్పు ఆపలేదు. తడి తెల్ల గుడ్డ మీద ముక్క పెట్టి ఇస్త్రీ పెట్టె ఒత్తండి. అంటితే ఆ ముక్కను తెల్లటి దాని దగ్గరికి రానివ్వకండి. ఎరుపు, మెరూను, ముదురు నీలం, నలుపు, ఈ నాలుగూ తప్పకుండా చూడండి.

ముగ్గుచుక్క
నవంబరు 17, ఉదయం 8:05

కలం అక్కా మీది శ్రీకాళహస్తి కదా, కలంకారీ ముక్కలు కలపొచ్చా ఇందులో? మా ఇంట్లో ఒక పాత దుపట్టా ఉంది.

కాళహస్తి_కలం
నవంబరు 17, ఉదయం 8:40

కలంతో గీసినదా, అచ్చు వేసినదా ముందు చూసుకో. మా ఊళ్ళో గీసేవాళ్ళు గుడ్డను పాలు, కరక్కాయ కలిపిన నీళ్ళలో నానబెట్టి ఎండబెడతారు, ఆ పాల కొవ్వు వల్లే రంగు పాకకుండా గీసిన చోటే నిలబడుతుంది. నలుపు గీత బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన కసిమి. ఆ ఇనుము వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ నల్ల గీత ఉన్నచోటే గుడ్డ బలహీనపడుతుంది. పాత దుపట్టా అంటున్నావు కాబట్టి అతికేముందు వెనక పలచటి కాటను వేసి కుట్టు. సబ్బు పొడిలో నానబెట్టకు, కుంకుడు రసం చాలు. మంచి బొమ్మ ఉంటే ముక్కలు చేయకు, బొమ్మ మొత్తం మధ్యలో పెట్టి చుట్టూ జాకెట్టు ముక్కలు పట్టీలుగా కుడితే హాల్లో గోడకి తగిలించుకోవచ్చు.

మదనపల్లె_డాలస్
నవంబరు 18, ఉదయం 9:12

ఇక్కడ రాత్రి అయింది, పిల్లలు పడుకున్నారు, తీరిగ్గా చదివాను. కలం గారు చెప్పిన పట్టీల పద్ధతి ఇక్కడ అమెరికాలో బాగా పాతది. మధ్యలో ఒక చిన్న చదరం, దాని చుట్టూ ఒక్కో పట్టీ తిరుగుతూ పెరుగుతుంది, దుంగలు పేర్చి ఇల్లు కట్టినట్టు ఉంటుందని లాగ్ క్యాబిన్ అంటారు. మధ్య చదరం ఎర్రటిది పెడితే అది ఇంట్లో పొయ్యి అని చెప్పుకుంటారు. మా పక్కింటి పెద్దావిడ దగ్గర నేర్చుకున్నా. ఇక్కడివాళ్ళు క్రిస్మస్‌కి గుడ్డ ముక్కలతో ఏం చేయరో చెప్పడం కష్టం. చెట్టు మొదలు చుట్టూ పరిచే గుండ్రటి గుడ్డ, గోడకి వేలాడదీసే మేజోళ్ళు, బల్ల మీద పొడుగాటి పట్టీ. నాకు అన్నిటికంటే నచ్చింది డిసెంబరు 1 నుంచి 24 వరకు రోజుకొక జేబు ఉండే గోడ గుడ్డ. రోజూ పిల్లలు ఒక జేబులో చెయ్యి పెట్టి ఏదో ఒకటి తీసుకుంటారు. మా పిల్లలకి పోయినేడు కుట్టాను, 24 జేబులు.

ముగ్గుచుక్క
నవంబరు 18, ఉదయం 9:20

ఆగండి ఆగండి. మనకి ధనుర్మాసం ఉందిగా!! డిసెంబరు 16 నుంచి సంక్రాంతి దాకా, తిరుప్పావై 30 పాశురాలు, 30 జేబులు!

కొర్లగుంట_కోడలు
నవంబరు 18, ఉదయం 9:41

ఒళ్ళు జలదరించింది చదవగానే. ధనుర్మాసమంతా కొండ మీద సుప్రభాతం ఆపి తిరుప్పావై చదువుతారు కదా, మా అత్తమ్మ ఆ నెల తెల్లారుజామునే లేచి పాశురం చదువుకుని ముగ్గు వేస్తుంది, ఈసారి మోకాలి వల్ల వంగలేదని అప్పటికే బాధపడుతోంది. జేబుల గుడ్డ ఖాయం. ఆ 4 అంగుళాల 20 ముక్కలు ఇక్కడ పనికొస్తాయా?

మదనపల్లె_డాలస్
నవంబరు 18, ఉదయం 10:05

కుట్టులు, పై మడత పోతే మూడున్నరకి మూడే మిగులుతుంది, చిన్న జేబు. చీటీ పడుతుంది, చెయ్యి పట్టదు. కొత్తగా కత్తిరించేలా ఉంటే వెడల్పు నాలుగున్నర, ఎత్తు ఐదుంపావు తీసుకోండి. పైన అంగుళం మడత, మూడు వైపులా పావు అంగుళం లోపలికి. పూర్తయిన జేబు 4 కి 4. వరసకు 6 జేబులు, 5 వరసలు. మధ్యలో, పక్కల్లో అంగుళం సందు వదిలితే వెడల్పు 31 వస్తుంది, కాటను పన్నా 44 అంగుళాలు ఉంటుంది కాబట్టి వెనక గుడ్డ ఒకే ముక్కలో వచ్చేస్తుంది. వెనక గుడ్డ రెండు పొరలుగా వేసి మధ్యలో పాత టవలు పెట్టండి, లేకపోతే జేబుల బరువుకి బొజ్జలా జారుతుంది. నా మొదటిది అలాగే జారింది.

పెద్దమ్మ_పాకాల
నవంబరు 18, మధ్యాహ్నం 1:30

ఇది నాకు నచ్చింది. ధనుర్మాసం కొన్నేళ్ళు 29 రోజులే వస్తుంది, ఆ ఏడు చివరి రెండు జేబులూ ఒకే రోజు విప్పండి. జేబుల్లో చాక్లెట్లు పెట్టొద్దు. పప్పులు బెల్లం పెట్టు, నువ్వుండ పెట్టు. చీమలు పట్టకుండా చిన్న డబ్బాలో వేసి పెట్టు.

పలమనేరు_పిల్ల
నవంబరు 18, మధ్యాహ్నం 2:10

జేబులో ఆ రోజు వేయాల్సిన ముగ్గు చీటీ కూడా పెట్టండి అక్కా. చుక్కల లెక్కతో సహా. అత్తమ్మకు వచ్చిన ముగ్గులన్నీ ముందే గీయించుకుని పెట్టుకోండి, రోజుకొకటి పిల్లలు తీసి వాకిట్లో వేస్తారు. ఆవిడ వంగకపోయినా ఆవిడ ముగ్గే పడుతుంది వాకిట్లో.

కొర్లగుంట_కోడలు
నవంబరు 18, రాత్రి 11:20

పలమనేరు పిల్లా, నీ మాట అత్తమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపటికి చూస్తే నా కూతురి రఫ్ నోటుబుక్కు తీసుకుని చుక్కలు పెడుతోంది.

గిరింపేట_చెల్లి
నవంబరు 20, సాయంత్రం 6:45

నేను చిత్తూరు నుంచి. మాకు క్రిస్మస్ ముందొస్తుంది కాబట్టి నా సందేహం ముందు తీర్చండి. ఇంటి ముందు కట్టే స్టార్ ఏటా కాగితందే కొంటాం, మంచుకి తడిసి చిరుగుతుంది. గుడ్డ ముక్కలతో 8 కోణాల స్టార్ కుడుతున్నా, లోపల బల్బు పెడదామని. మధ్యలో 8 మొనలు కలిసే చోట బొడిపె కడుతోంది, ఎంత ఇస్త్రీ చేసినా పోవట్లేదు.

చిత్తూరు_టైలరన్న
నవంబరు 20, రాత్రి 8:30

మన ఊరే! అన్నీ వరసగా గుండ్రంగా అతుక్కుంటూ పోతే బొడిపె తప్పదమ్మా. రెండు రెండు అతకండి, నాలుగు జతలు వస్తాయి. జతకు జత కలిపితే రెండు సగాలు. చివర ఆ రెండు సగాల్ని ఒకే తిన్నటి కుట్టుతో కలపండి. మధ్యలో కుట్టు మార్జిన్లు అన్నీ ఒకే వైపు తిరిగేలా, గాలిపంఖాలా విడదీసి ఒత్తితే చదునుగా కూర్చుంటుంది. బల్బు మాత్రం ఎల్‌ఈడీ తప్ప ఏదీ వద్దు. పాత పసుపు బల్బు వేడికి గుడ్డ మాడుతుంది.

మెట్లెక్కని_తిరుపతోడు
నవంబరు 20, రాత్రి 9:00

మగాడిగా ఒక సందేహం, తిట్టొద్దు. కార్తీకం దీపాలు, గుమ్మానికి గుడ్డ తోరణం, రెండూ ఒకే చోట. పోయినేడు మా పక్క ఇంట్లో కర్టెను అంటుకుని ఎంత పనైందో కళ్ళారా చూశాను.

కాళహస్తి_కలం
నవంబరు 20, రాత్రి 9:25

మంచి మాటే అడిగారు, తిట్టేదేముంది. గుమ్మం పైపట్టీకి కట్టే తోరణం 3 అంగుళాలే దిగుతుంది, గడప మీది ప్రమిద చాలా కింద ఉంటుంది, దాంతో భయం లేదు. భయమంతా తలుపు పక్కల్లో కిందిదాకా వేలాడదీసే దండలతో, పూజగది అరల అంచులకు కుట్టే కుచ్చులతో. అక్కడ గుడ్డే వద్దు. ఇంకోటి, సంచిలో పాలిస్టరు కలిసిందేమో చూసుకోండి. ఒక పోగు లాగి, గిన్నె మీద పట్టుకుని వెలిగించండి. కాటను కాగితంలా కాలి బూడిద రాలుతుంది. పాలిస్టరు కరిగి నల్ల పూసలా గట్టిపడుతుంది. అది ఒంటి మీద పడితే అంటుకుని చర్మంతో సహా వస్తుంది. దీపం ఉండే చోటికి, వేడి గిన్నెల కింద పెట్టే మ్యాటుకి పాలిస్టరు ముక్క వాడొద్దు.

కొర్లగుంట_కోడలు
డిసెంబరు 3, రాత్రి 10:30

పదిహేను రోజులు కనపడలేదు, క్షమించండి, మిషను ముందే ఉన్నాను.

తోరణం సంగతి. టైలరన్న లెక్క ప్రకారం 9 త్రికోణాలు కుట్టాను, సూది ఒక్కటే విరిగింది. పసుపు, ఎరుపు, పచ్చ మార్చి మార్చి పెట్టాను. బాగుంది గానీ పెద్దమ్మ మాట చెవిలో తిరుగుతూనే ఉంది, ఇది కర్టెనే, తోరణం కాదు అని. దాని కింద మామిడాకులు వేలాడితే బాగుంటుందనిపించింది. అప్పుడు అత్తమ్మ రంగంలోకి దిగింది. పచ్చ ముక్కలు రెండున్నర వెడల్పు, ఏడు పొడుగు, రెండు పొరలు, తలా తోకా సన్నగా. నేను మిషను మీద చుట్టూ కుట్టి తిరగేసి ఇచ్చాను. ఆవిడ దబ్బనం కాదు, సన్న సూదితో ఆకు మధ్యలో ఈనె కుట్టింది. మామూలు బొంత కుట్టే, పైకి కిందికి, గింజ గింజ. కానీ కొన దగ్గర కుట్లు చిన్నవి, తొడిమ దగ్గర పెద్దవి. దారం కొంచెం బిగించి లాగితే ఆకు మధ్యలో లోపలికి ఒంగి నిజం మామిడాకులా దోనె తిరిగింది. నేనైతే అలా లాగాలని జన్మలో అనుకునేదాన్ని కాదు. ఇదెక్కడ నేర్చుకున్నావు అత్తమ్మా అంటే, "బొంత కుట్టేటప్పుడు దారం బిగిస్తే ముడతలు పడుతుందని మా అమ్మ నెత్తిన మొట్టేది, ఆ తప్పే ఇక్కడ చేశా" అంది.

అలా 9 ఆకులు. ఫోటో రేపు పెడతా.

పెద్దమ్మ_పాకాల
డిసెంబరు 4, ఉదయం 6:10

ఫోటో చూడకుండానే చెప్తున్నా, ఏడాది పొడుగునా అదే ఉంచు. పండగ రోజు మాత్రం దాని మీద పచ్చాకు తప్పకుండా కట్టు.

కొర్లగుంట_కోడలు
డిసెంబరు 4, ఉదయం 9:00

తప్పకుండా పెద్దమ్మా. పాత చీరల సంగతి కూడా మీ ఇద్దరి మాటా విన్నాను. గుమ్మానికి, జేబుల గుడ్డకు సంచిలోని కొత్త ముక్కలే. అత్తమ్మ పెళ్ళినాటి వెంకటగిరి కాటను చీర ఒకటి చిరుగులు పడి ఉంది, దాన్ని మాత్రం వసారాలో మంచం మీద పరిచేదానికి మధ్య ముక్కగా పెడుతున్నా. పండగకి వచ్చినవాళ్ళు కూర్చునేది అక్కడే. దేవుడు కూర్చోడు, మనుషులే.

పలమనేరు_పిల్ల
డిసెంబరు 4, ఉదయం 9:22

సంతోషం 😊 వెంకటగిరి చాలా సన్న నూలు, అతుకు దగ్గర పోగులు జారుతాయి. పావు కాదు, అర అంగుళం మార్జిన్ వదలండి. జరీ అంచు మీద ఇస్త్రీ పెట్టె నేరుగా పెట్టొద్దు, పైన గుడ్డ వేసి ఒత్తండి.

గిరింపేట_చెల్లి
డిసెంబరు 26, ఉదయం 10:15

స్టార్ వెలిగింది, బొడిపె లేదు, టైలరన్నకు కేకు పార్సిల్ పంపాలి, కొట్టు ఎక్కడో చెప్పండి!

చిత్తూరు_టైలరన్న
డిసెంబరు 26, మధ్యాహ్నం 12:40

ఇక్కడ అడ్రసు పెడితే మా ఆవిడే కాదు, ఊరంతా ముక్కల సంచులు అడుగుతారమ్మా. కేకు తిన్నట్టే అనుకో.

కొర్లగుంట_కోడలు
జనవరి 18, రాత్రి 9:50

పండగ అయిపోయింది, కబుర్లు చెప్పడానికి వచ్చాను.

జేబుల గుడ్డ డిసెంబరు 15 అర్ధరాత్రికి పూర్తయింది. 24 జేబులకు అంకెలు గొలుసు కుట్టుతో కుట్టాం, చివరి ఆరింటికి టైము లేక స్కెచ్ పెన్నుతో రాసేశాను, దగ్గరికి వచ్చి చూస్తే తెలుస్తుంది, ఎవరూ దగ్గరికి రాకుండా చూసుకున్నా. పదో రోజు నుంచి మా వీధి పిల్లలు తెల్లారేసరికే వాకిట్లో నిలబడి "ఇవాళ ఏ ముగ్గు" అని అడగడం మొదలుపెట్టారు. 17వ జేబులో చీటీ పెట్టడం మర్చిపోయాను. నా కూతురు ఏడుపు. అత్తమ్మ మంచం మీద కూర్చుని నోటితోనే చెప్తూ పోయింది, "మూడో చుక్క నుంచి కుడి పక్క వంచు, ఆ, ఇప్పుడు పైకి", పిల్ల వేసింది. వంకరగా వచ్చింది గానీ ఆ రోజు ముగ్గే అందరూ ఫోటో తీసుకున్నారు.

తోరణం గురించి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కనుమకి మా పుట్టింటికి వెళ్ళాం, చంద్రగిరి పక్కన పల్లె. అక్కడ కనుమంటే పశువుల పండగ, కొమ్ములకు రంగులు, మెడలో దండలు. అమ్మకు చూపిద్దామని తోరణం కూడా తీసుకెళ్ళి ఆవు మెడలో వేశాం, అంత అందంగా ఉంది. పక్కనే దూడను కట్టేసిన సంగతి మర్చిపోయాం. తాంబూలం ఇచ్చుకుని వచ్చేసరికి రెండు మామిడాకులు లేవు, మూడోది దాని నోట్లో ఉంది. అదీ కొన దగ్గర నుంచి కాదు, తొడిమ దగ్గర నుంచి. నాన్న నోట్లో చెయ్యి పెట్టి లాగేశాడు, ఈనె కుట్టు మాత్రం ఒక్క పోగు ఊడలేదు.

మెట్లెక్కని_తిరుపతోడు
జనవరి 18, రాత్రి 10:02

దూడ ఎలా ఉంది? నిజంగా అడుగుతున్నా.

కొర్లగుంట_కోడలు
జనవరి 18, రాత్రి 10:10

బాగానే ఉందండీ, డాక్టరుకు ఫోన్ చేసి అడిగాం, రెండు రోజులు కనిపెట్టి చూడమన్నాడు, మేత తింటోంది, పేడ వేస్తోంది. ఇకమీదట పశువుల మెడలో పూల దండే.

పెద్దమ్మ_పాకాల
జనవరి 19, ఉదయం 6:30

పచ్చాకు కట్టి ఉంటే తిన్నా అరిగేది.

కాళహస్తి_కలం
జనవరి 19, ఉదయం 8:15

😂😂 పెద్దమ్మా! కొర్లగుంట గారూ, సంచిలో ఇంకా ఎంత మిగిలింది? దసరాకి కొలువు మెట్ల మీద పరచడానికి అందరం కలిసి ఒకటి కుడదామా, ఇప్పటి నుంచే మొదలుపెడితే తీరిగ్గా అవుతుంది.

కొర్లగుంట_కోడలు
జనవరి 19, ఉదయం 8:50

సగం సంచి ఉంది. కానీ ఒక ఇబ్బంది. రాత్రి నేను పడుకున్నాక అత్తమ్మ ఆ సగాన్నీ నేల మీద పరిచేసింది, నాలుగు మూలలా బియ్యం డబ్బా, రోకలి, రెండు ఇటుకలు పెట్టి. ఎనిమిదో బొంత. దూడ నోట్లోంచి లాగిన ఆకు కూడా ఉతికి మధ్యలో పెట్టింది. మెట్ల కొలతలు పెట్టండి, నేను వేరే టైలరు కొట్టు చూసుకుంటా.

చిత్తూరు_టైలరన్న
జనవరి 19, ఉదయం 9:05

సంచి కట్టి ఉంచానమ్మా, తిరుపతి వచ్చే బస్సులో వేస్తా.